గుండ్రటి అక్షరాల దీవి

వేసవి సెలవులు, ఒక వ్యాను, ఆరు రోజులు... చిత్తూరు నుంచి వెళ్లిన ఓ కుటుంబం చూసిన శ్రీలంక

కటునాయకె విమానాశ్రయం దాటి వ్యాను రోడ్డెక్కగానే మా నాలుగో తరగతి వాడు కిటికీకి అతుక్కుపోయాడు. ‘‘అమ్మా, ఇది తెలుగే కదా! చదవడానికి రావట్లేదేంది?’’

షాపు బోర్డు మీద సింహళం. నిజమే, ఎక్కడో చూసిన మొహంలా ఉంది, పేరే గుర్తు రావడం లేదు. తాటాకు మీద గంటంతో నిలువూ అడ్డం గీస్తే ఆకు చీలుతుందనీ, అందుకే వాళ్లూ మనమూ సున్నాలు చుట్టుకుంటూ పోయామనీ వాళ్లక్క పాఠం చెప్పింది.

మా ఇంటి నుంచి చెన్నై విమానాశ్రయానికి కారులో నాలుగు గంటలు పట్టింది. అక్కణ్నుంచి లంకకు అందులో సగం కూడా పట్టలేదు. బండ్లు అక్కడా ఎడమవైపే కాబట్టి తనే నడుపుతానన్నారు మా ఆయన. మన లైసెన్సు ఒక్కటే చాలదు, అక్కడి అనుమతీ తీసుకోవాలని తెలిశాక డ్రైవరుతో సహా వ్యాను మాట్లాడారు. ఆ కుర్రాడు మావాణ్ని ‘మల్లీ’ అని పిలిస్తే వీడికి ఉక్రోషం, ‘‘నేనేమన్నా పువ్వునా?’’ అని. సింహళంలో మల్లి అంటే తమ్ముడు. అక్కను మాత్రం వాళ్లూ అక్క అనే అంటారు.

జెండా ఊపి ఆపారు

మేం వెళ్లింది మే నెలలో, వెసాక్ రోజుల్లో. బుద్ధుడి పండగ. ఇళ్ల ముందు వెదురు బద్దలకు పల్చటి కాగితం అంటించిన లాంతర్లు. దంబుల్ల దారిలో నలుగురు కుర్రాళ్లు జెండాలు ఊపుతూ వ్యానుకు అడ్డమొచ్చారు. చలానా అనుకుని మా ఆయన జేబు తడుముకున్నారు. తీరా చూస్తే అది ‘దన్సల’, అంటే దారిన పోయేవాళ్లకు ఉచితంగా పెట్టే పందిరి. మారేడు పూలు మరిగించిన వేడి బెలిమల్, నంజుకోవడానికి చిన్న బెల్లం ముక్క. మన చలివేంద్రమే, కాకపోతే వీళ్లు ఆపి మరీ పోస్తారు.

మర్నాడు సిగిరియా బండ. తండ్రిని చంపి గద్దెనెక్కిన కాశ్యపుడు అయిదో శతాబ్దంలో పగకు భయపడి ఆ బండ నెత్తిన కోట కట్టుకున్నాడు. దాదాపు 1,200 మెట్లు. మధ్యలో గోళ్లతో సహా రెండు సింహం పాదాలు. ఒకప్పుడు దాని నోట్లోంచే పైకి వెళ్లేవారట. ‘‘అంత భయం ఉన్నోడు చంపడమెందుకు?’’ అంది పెద్దది, ఆయాసపడుతూ.

కొండ మీద అరవం

కండీ నుంచి నువరఎలియకు 80 కిలోమీటర్లు కూడా లేవు, మూడు గంటలు పట్టింది. పెద్దది నిమ్మకాయ వాసన చూస్తూనే కూర్చుంది. 1867లో జేమ్స్ టేలర్ లూలెకందెరలో తేయాకు తోట వేశాడు. కొన్నేళ్లకే తెగులు కాఫీని తుడిచిపెట్టడంతో కొండలన్నీ టీకి మళ్లాయి. పనికి తమిళ పల్లెల నుంచి మనుషుల్ని తీసుకొచ్చారు. చిత్తూరోళ్లకు అరవం రాకపోతుందా? తోట పక్కన బుట్ట దించుకున్న ఓ పెద్దామెను పలకరించాను. ఊరేదని అడిగింది. చిత్తూరంటే తెలియలేదు. ‘వేలూరు పక్కన’ అన్నాను. తలూపింది.

వేలూరు పక్కన

దిగివచ్చేటప్పుడు కండీలో ఆగాం. బుద్ధుడి దంతాలయం పక్కనున్న చెరువును 1807లో తవ్వించింది శ్రీవిక్రమ రాజసింహుడు, కండీ చివరి రాజు. మదురై నుంచి వచ్చిన, తెలుగు మూలాలున్న నాయక వంశం వాడు. 1815లో ఇంగ్లీషువాళ్లు పట్టుకున్నారు, ఆ తర్వాత దేశం దాటించారు. ‘‘ఎక్కడికి?’’ అన్నాడు మావాడు. గైడు చెప్పిన జవాబుకు నేనూ మా ఆయనా మొహాలు చూసుకున్నాం. వేలూరుకు. 1832లో అక్కడే పోయాడు. సమాధి పాలారు ఒడ్డున ఉంది.

వేలూరుకు ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు. ఎప్పుడూ ఆసుపత్రికే. చేతిలో ఫైలు, మనసులో రిపోర్టు, పక్కకు చూసిందెప్పుడని?

బడి తెరవడానికి రెండు రోజుల ముందు మళ్లీ కారు తీశాం. ఈసారి ఫైలు లేదు.