పగిలిన సిమెంటు రేకులతో జాగ్రత్త

పశువుల కొట్టానికో, మోటారు గదికో సిమెంటు రేకులు వేయని ఊరు అరుదు. తాటాకు కప్పుకు మాటిమాటికీ ఖర్చు, పైగా నిప్పు భయం. రేకు వేస్తే ఏళ్ల తరబడి చూసుకోనక్కర్లేదని మనవాళ్ల లెక్క. లెక్క తప్పు కాదు గానీ, ఆ రేకులో సిమెంటుతో పాటు నూటికి సుమారు 8 నుంచి 10 పాళ్లు ఆస్బెస్టాస్, అంటే రాతినార ఉంటుందని చాలామందికి తెలియదు.

ఇది గనుల్లో దొరికే ఖనిజం. కడప జిల్లా పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లెలో ఒకప్పుడు తవ్వేవారు. దారంలా చీలే రాయి ఇది. చీలిన పోగు కంటికి కనపడనంత సన్నం. ఊపిరితో లోపలికి పోతే కరగదు, ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది. ఊపిరితిత్తులు గట్టిపడి ఆయాసం రావచ్చు, క్యాన్సరూ రావచ్చు. అన్ని రకాల ఆస్బెస్టాసూ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. యూరోపియన్ యూనియన్ 2005 నుంచి పూర్తిగా నిషేధించింది. మన దగ్గర రేకుల అమ్మకం సాగుతూనే ఉంది.

జబ్బు బయటపడడానికి 20 నుంచి 40 ఏళ్లు పడుతుంది. "మా నాయన ఈ రేకులు కోసిన మనిషే, ఏమైంది?" అనే మాట అందుకే వినిపిస్తుంది. బీడీ, సిగరెట్టు తాగేవారికి ముప్పు మరీ ఎక్కువ.

పగలని రేకు కింద పడుకున్నంత మాత్రాన హడలిపోనక్కర్లేదు. నార సిమెంటులో బిగిసి ఉంటుంది. దుమ్ము లేస్తేనే ప్రమాదం.

గాలివానకు రేకు పగిలిందనుకోండి. ముక్కలను పొడిగా ఊడ్వకండి. ముందు నీళ్లు చల్లండి, తడిగుడ్డతో ఎత్తండి. పిల్లలను, పశువులను దూరంగా ఉంచండి. ముక్కలను నలగ్గొట్టి కొట్టంలో గుంతలు పూడ్చడం చాలాచోట్ల ఉన్న అలవాటు. పశువు తొక్కినకొద్దీ అది పొడి అవుతుంది, ఆ పొడి పాలు పిండే మనిషి ముక్కులోకే పోతుంది. ఇది మానుకోవాలి. రెండు పొరల పాలిథిన్‌లో చుట్టి, బావికి, దున్నే నేలకు దూరంగా లోతుగా పూడ్చండి.

రేకు కోయాల్సి వస్తే కరెంటు కటింగు మిషను వద్దు. తడుపుతూ చేతిరంపంతో ఆరుబయట కోయించండి. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే చాలదు, దుమ్మును ఆపే మంచి మాస్కు కావాలి. ఆ బట్టలు ఇంట్లో దులపకుండా విడిగా ఉతకాలి. పాచి పట్టిందని ఇనుప బ్రష్షుతో గీకొద్దు. పాత రేకు మీద నేరుగా కాలు పెట్టొద్దు, పలక వేసుకుని ఎక్కాలి. కాలి కింద రేకు విరిగి పడితే నడుములు విరగడం 20 ఏళ్లు ఆగదు.