డీజే మిక్సర్‌లో మూడో ఛానల్ నిజంగా అవసరమా? 4 ఛానల్స్ కంట్రోలర్ కొనే ముందు ఇది చదవండి

డీజేయింగ్ మొదలుపెట్టిన కొన్ని నెలలకే చాలామందికి వచ్చే డౌట్ ఒకటుంది: "నా కంట్రోలర్‌కి రెండే ఛానల్స్ ఉన్నాయి, నాలుగున్నది తీసుకోవాలా?" నా జవాబు ముందే చెప్పేస్తా. ఒక పాటలోంచి ఇంకో పాటలోకి వెళ్లడానికి రెండు ఛానల్స్ చాలు. ఆ రెండు పాటల మీద ఇంకో లేయర్ వేయాలనుకుంటేనే మూడోది పనికొస్తుంది.

డెక్ వేరు, ఛానల్ వేరు

డెక్ అంటే పాట ప్లే అయ్యే చోటు. ఛానల్ అంటే ఆ సౌండ్ మిక్సర్‌లోకి వచ్చే దారి. దానికి సొంత ట్రిమ్, ఈక్యూ నాబ్స్, ఫేడర్ ఉంటాయి. పయొనీర్ డీజే డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4లో రెండు ఛానల్స్. ఎఫ్‌ఎల్‌ఎక్స్6లో నాలుగు ఛానల్స్ ఉన్నా జాగ్ వీల్స్ రెండే. డెక్ బటన్ నొక్కితే ఎడమ వీల్ 1 నుంచి 3కి, కుడి వీల్ 2 నుంచి 4కి మారుతుంది. క్లబ్స్‌లో కనిపించే డీజేఎం-ఏ9లో నాలుగు, డీజేఎం-వీ10లో ఆరు ఛానల్స్ ఉంటాయి.

సాఫ్ట్‌వేర్ కూడా చూసుకోండి. సెరాటో డీజే లైట్ రెండు డెక్స్‌కే పరిమితం. నాలుగు కావాలంటే ప్రో వెర్షన్ ఉండాలి.

మూడో ఛానల్‌తో ఏం చేయొచ్చు?

1. లూప్: 4 బీట్ల పర్కషన్ లూప్‌ని మూడో ఛానల్‌లో తిప్పుతూ ఉంటే, కింద పాట మారినా ఊపు తగ్గదు. నా దృష్టిలో అన్నిటికంటే ఉపయోగపడేది ఇదే.

2. అకాపెల్లా: రెండు పాటల మ్యూజిక్ నడుస్తుండగా, ఇంకో పాట వోకల్‌ని పైన వేయడం.

3. బయటి గేర్: డ్రమ్ మెషిన్, ఇంకో ప్లేయర్ లాంటివి. విడి మిక్సర్ అయితే ఒక ఛానల్‌లో ఫోన్‌ని బ్యాకప్‌గా పెట్టుకోవచ్చు. ఫంక్షన్ మధ్యలో ల్యాప్‌టాప్ హ్యాంగ్ అయితే ఆ ఫేడర్ పైకి లేపితే చాలు, డ్యాన్స్ ఫ్లోర్ సైలెంట్ అవ్వదు.

టెక్నోలో జెఫ్ మిల్స్ మూడు టర్న్‌టేబుల్స్‌తో పాటు రోలాండ్ టీఆర్-909 డ్రమ్ మెషిన్ కూడా వాడతారు. కార్ల్ కాక్స్‌కి పేరు తెచ్చినవాటిలో మూడు డెక్స్ మిక్సింగ్ ఒకటి.

అసలు ఇబ్బంది సౌండ్ లెవెల్

ఒకే లెవెల్‌లో ఉన్న రెండు వేర్వేరు పాటలు కలిస్తే సౌండ్ దాదాపు 3 డెసిబెల్స్ పెరుగుతుంది. నాలుగు కలిస్తే 6. ఒకేలాంటి రెండు కిక్స్ సరిగ్గా ఒకదానిమీద ఒకటి పడితే, ఆ రెండింటికే 6 డెసిబెల్స్ వరకు పెరగొచ్చు. మాస్టర్ మీటర్ రెడ్‌లోకి వెళ్లేది అందుకే. కాబట్టి ప్రతి ఛానల్ ట్రిమ్‌ని రెడ్ తగలకుండా సెట్ చేసి, మూడో ఫేడర్‌ని మిగతావాటికంటే కిందే ఉంచండి. ఛానల్ దగ్గరే పగిలిన సౌండ్‌ని మాస్టర్ నాబ్ తగ్గించి బాగుచేయలేం.

నేను పాటించే రూల్స్ ఇవి:

• బేస్ ఎప్పుడూ ఒక్క ఛానల్‌దే. మూడో ఛానల్‌లో లో ఈక్యూ పూర్తిగా కట్.
• ఒకేసారి రెండు వోకల్స్ వద్దు.
• లూప్‌లో మెలొడీ ఉంటే కీ చూడండి. క్యామెలాట్ నంబర్లలో 8ఏకి 7ఏ, 9ఏ, 8బీ కలుస్తాయి. ఉత్త డ్రమ్స్ అయితే అంత పట్టింపు లేదు.
• మూడో ఛానల్‌ని క్రాస్‌ఫేడర్ నుంచి తప్పించి త్రూలో పెట్టండి. లేదంటే క్రాస్‌ఫేడర్ అటు ఇటు జరిపినప్పుడు లూప్ కూడా మాయమవుతుంది.

మన పాటలతో జాగ్రత్త

సింక్ బటన్ బీట్‌గ్రిడ్‌ని నమ్ముతుంది. గ్రిడ్ తప్పుంటే సింక్ కూడా తప్పే. లైవ్ ఆర్కెస్ట్రాతో రికార్డ్ చేసిన పాత పాటల్లో టెంపో కొంచెం అటూ ఇటూ కదులుతుంది కాబట్టి, గ్రిడ్‌ని ఇంట్లోనే సరిచేసుకోవాలి. తీన్‌మార్ పాటలతో ఇంకో చిక్కు. వాటిలో చాలావరకు 6/8 నడకే, అంటే ప్రతి బీట్ మూడు ముక్కలవుతుంది. హౌస్ లూప్ 4/4లో ఉంటుంది, బీట్ రెండుగా, నాలుగుగా విడిపోతుంది. బీపీఎం సరిపోయినా ఈ రెండు నడకలూ కొట్టుకుంటాయి. తీన్‌మార్ మీద వేసే లూప్ తీన్‌మార్‌లోంచే తీసుకోండి.

ప్రాక్టీస్ ఇలా చేయండి

రెండు పాటలు మిక్స్ చేస్తూ, బేస్ కట్ చేసిన లూప్‌ని 32 బీట్ల ఫ్రేజ్ మొదట్లో తెచ్చి, ఇంకో ఫ్రేజ్ మొదట్లో తీసేయండి. మొత్తం రికార్డ్ చేసి మర్నాడు వినండి. లూప్ వెళ్లిపోయినప్పుడు ఏదో తగ్గినట్టు అనిపిస్తే అది పనిచేసినట్టే. ఏ తేడా తెలియకపోతే ఆ లేయర్ అక్కర్లేదు.

మరి కొనాలా?

సెరాటో డీజే ప్రో, డీజే ప్రో లాంటి యాప్స్‌లో స్టెమ్స్ ఫీచర్ పాటలోంచి వోకల్‌ని, డ్రమ్స్‌ని విడదీస్తుంది. మూడో ఛానల్‌తో చేసే పనుల్లో చాలావాటిని రెండు ఛానల్స్‌తోనే లాగించేయొచ్చు. ముందు దాన్ని పూర్తిగా వాడేయండి. పక్కన డ్రమ్ మెషిన్ చేరినా, ఇంకో డీజేతో కలిసి వాయిస్తున్నా, క్లబ్ సెటప్‌కి చెయ్యి అలవాటవ్వాలన్నా అప్పుడు 4 ఛానల్స్‌కి వెళ్లండి. అప్పటిదాకా ఆ డబ్బు మంచి హెడ్‌ఫోన్స్ మీద పెడితే మీ మిక్స్ ఎక్కువ బాగుపడుతుంది.