వస్తువుతో పాటు పూచీ: కంప్యూటరు విడిభాగాల కొనుగోలు

కంప్యూటరు చూపునకు ఒకే యంత్రంగా కనిపించినప్పటికీ, వాస్తవానికి అది విడివిడిగా తయారై ఒకచోట కూర్చబడిన భాగాల సముదాయం. గణనలు చేసే ప్రాసెసర్, దానికి ఆధారమైన మదర్‌బోర్డు, పని జరుగుతున్నంతసేపు సమాచారాన్ని నిలిపి ఉంచే మెమరీ, దానిని శాశ్వతంగా భద్రపరచే డ్రైవు, తెరపైకి బొమ్మను పంపే గ్రాఫిక్స్ కార్డు, వీటన్నిటికీ విద్యుత్తును అందించే పవర్ సప్లై ఇందులో ముఖ్యమైనవి. ఈ ఆరింటినీ ఆరు కంపెనీల నుండి కొని ఇంటిలోనే కూర్చుకోవచ్చును. అమెరికాలోని తెలుగు కుటుంబాలలో ఎందరో ఇంజనీర్లు, వారిని చూసి నేర్చుకున్న పిల్లలు ఈ పని చేస్తూనే ఉన్నారు.

అయితే ఈ భాగాలను దుకాణానికి వెళ్ళి కొనడం మేలా, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం మేలా అన్న ప్రశ్న తరచుగా ఎదురవుతుంది. ధరలను మాత్రమే పోల్చి చూస్తే దీనికి సరియైన సమాధానం దొరకదు. కొనుగోలుదారు సొమ్ము చెల్లించి పొందేవి రెండు: మొదటిది వస్తువు, రెండవది ఆ వస్తువు పనిచేయనప్పుడు ఎవరు బాధ్యత వహిస్తారన్న పూచీ. ఈ రెండవదాని విలువ ధర చీటీపై కనిపించదు.

అంగడి నుండి ఆన్‌లైన్‌కు

1985లో కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఫ్రైస్ ఎలక్ట్రానిక్స్ తన మొదటి దుకాణాన్ని తెరచింది. సిలికాన్ లోయ ఇంజనీర్లకు మెమరీ చిప్పులు, తినే చిప్సు ఒకే కప్పు క్రింద దొరికే చోటుగా అది పేరు పొందింది. అటువంటి దుకాణాలకు దూరంగా ఉన్నవారు కంప్యూటర్ షాపర్ వంటి పత్రికలలోని ప్రకటనలు చూసి ఫోను ద్వారా సరుకు తెప్పించుకునేవారు. కంటితో చూసి కొనడం, చూడకుండా తెప్పించుకోవడం అన్న రెండు పద్ధతులూ ఆ విధంగా ఇంటర్నెట్టుకు ముందునుండే ఉన్నాయి.

1995లో పుస్తకాల విక్రయంతో ఆరంభమైన అమెజాన్, 2000 నవంబరు నుండి ఇతర వ్యాపారులకు కూడా తన వేదికపై చోటు కల్పించింది. 2001లో కాలిఫోర్నియాలోనే న్యూఎగ్ విడిభాగాల ఆన్‌లైన్ విక్రయాన్ని ప్రారంభించింది. తరువాతి కాలంలో పెద్ద దుకాణాలు ఒక్కొక్కటిగా తెరమరుగైనాయి. సర్క్యూట్ సిటీ దుకాణాలు 2009 మార్చిలో, ఫ్రైస్ దుకాణాలు 2021 ఫిబ్రవరిలో మూతపడినాయి. 1979లో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో పుట్టిన మైక్రోసెంటర్ మాత్రం నిలబడి, 2025లో శాంటా క్లారాలో దుకాణం తెరచింది.

పన్ను తేడా తొలగిన విధం

ఆన్‌లైన్ ధర తక్కువగా కనిపించడానికి చాలాకాలం ఒక ముఖ్యకారణం అమ్మకపు పన్ను. ఒక రాష్ట్రంలో దుకాణం గాని, గిడ్డంగి గాని లేని వ్యాపారి చేత ఆ రాష్ట్రం పన్ను వసూలు చేయించరాదని 1992లో క్విల్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 8 శాతం పన్ను ఉన్న ఊరిలో 500 డాలర్ల గ్రాఫిక్స్ కార్డుపై అది 40 డాలర్ల తేడా. చట్టప్రకారం ఆ పన్నును కొన్నవారే రాష్ట్రానికి స్వయంగా చెల్లించవలసి ఉన్నా, ఆచరణలో చెల్లించినవారు అరుదు. 2018 జూన్‌లో వేఫేర్ వ్యాజ్యంలో అదే న్యాయస్థానం పాత తీర్పును త్రోసిపుచ్చింది. అప్పటినుండి పన్ను విషయంలో రెండు మార్గాలకూ తేడా దాదాపు తొలగిపోయింది. మిగిలినవి సౌకర్యం, పోటీ, పూచీ.

అమ్ముతున్నది ఎవరు?

దుకాణంలో కొన్నప్పుడు వస్తువును అమ్మినవారెవరో స్పష్టం. పెద్ద ఆన్‌లైన్ వేదికలపై ఒకే పుటలో వేదిక యజమానీ, పేరు తెలియని చిన్న వ్యాపారీ పక్కపక్కనే ఉండవచ్చును. అందుచేత ధరకంటే ముందుగా చదువవలసినవి అమ్మేవారి పేరు, పంపేవారి పేరు. తయారీదారు గుర్తించిన విక్రేత కాకపోతే కొన్ని కంపెనీలు వారంటీని అంగీకరించవు. 2023 జూన్ 27 నుండి అమలులోనున్న ఇన్‌ఫార్మ్ కన్స్యూమర్స్ చట్టం ప్రకారం, పెద్దయెత్తున అమ్మే వ్యాపారుల వివరాలను ఆన్‌లైన్ వేదికలు సేకరించి సరిచూడవలసి ఉంటుంది.

పెట్టెలో వచ్చే ప్రాసెసరుకు, విడిగా వచ్చే ప్రాసెసరుకు కూడా భేదమున్నది. ఇంటెల్ సంస్థ పెట్టెలో అమ్మే ప్రాసెసర్లకు సాధారణంగా 3 సంవత్సరాల వారంటీని కొనుగోలుదారుకు నేరుగా ఇస్తుంది. ట్రేలలో కంప్యూటరు తయారీదారులకు పంపినవాటికి ఆ పూచీ అమ్మినవారి వద్దనే ఉంటుంది. రెండింటి పనితనం ఒకటే అయినా ధరలో తేడాకు ఇది ఒక కారణం.

నకిలీ డ్రైవు చేసే మోసం

నకిలీ సరుకులో మిక్కిలి ప్రమాదకరమైనది డ్రైవు. యు.ఎస్.బి. డ్రైవులోని చిన్న నియంత్రక చిప్పు తన పరిమాణమెంతో కంప్యూటరుకు తెలియజేస్తుంది. మోసగాళ్ళు ఆ చిప్పులోని ప్రోగ్రామును మార్చి, 32 గిగాబైట్ల డ్రైవు చేత 2 టెరాబైట్లని చెప్పిస్తారు. కంప్యూటరు ఆ మాటను నమ్ముతుంది. మొదటి 32 గిగాబైట్లు సక్రమంగానే నిలుస్తాయి. ఆ తరువాత వ్రాసినది పాతదానిపై పడి దానిని చెరిపివేయవచ్చు, లేదా ఎక్కడా నిలువకనే పోవచ్చు. ఫైళ్ళ పేర్లు మాత్రం తెరపై యథాతథంగా కనిపిస్తూనే ఉంటాయి. పెళ్ళి వీడియోలు, తాతామామ్మల ఛాయాచిత్రాలు దాచుకున్న కుటుంబానికి ఆ సంగతి తెలిసేసరికి తిరిగి ఇచ్చే గడువు దాటిపోయి ఉంటుంది. దీనికి విరుగుడు సులభం. కొత్త డ్రైవును నిండుగా వ్రాసి, మరల చదివి, రెండూ సరిపోయినవో లేదో చూచే ఉచిత ప్రోగ్రాములున్నాయి. డ్రైవు చేతికి వచ్చిన వారంలోగా ఆ పరీక్ష జరపడం మంచిది.

పొందిక

మంచి సరుకైనా ఒకదానితో ఒకటి పొసగకపోతే నిష్ప్రయోజనం. డి.డి.ఆర్.4, డి.డి.ఆర్.5 మెమరీల గాట్లు వేరువేరు చోట్ల ఉండటం వలన ఒకదాని స్థానంలో మరొకటి అమరదు. ఎ.ఎమ్.డి. వారి ఎ.ఎమ్.5 మదర్‌బోర్డులు డి.డి.ఆర్.5ను మాత్రమే స్వీకరిస్తాయి. ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్ల బోర్డులలో రెండు రకాలూ ఉన్నాయి గాని, ఒక్కొక్క బోర్డు సాధారణంగా ఒకే రకానికి పనికివస్తుంది. పవర్ సప్లై తీగల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఒక కంపెనీ తీగ మరొక కంపెనీ పెట్టెకు చక్కగా అమరినట్లే కనిపించినా, లోపలి అమరిక వేరైనందున భాగాలను కాల్చివేయగలదు. ఇటువంటి సందేహాలు తీర్చగల అనుభవజ్ఞుడు దుకాణంలో ఎదురుగా ఉంటే, అక్కడ చెల్లించే నాలుగు డాలర్లు ఎక్కువ కావు. కావలసినదేమిటో నిర్దిష్టంగా తెలిసినవారికి ఆన్‌లైన్ విపణి అనుకూలం.

చట్టమిచ్చే అండ

కొన్న వస్తువును వెనుకకు తీసుకొని తీరవలెనన్న సాధారణ నియమం ఫెడరల్ చట్టంలో లేదు. అది వ్యాపారి నియమాలను, కొంతవరకు రాష్ట్ర చట్టాలను బట్టి ఉంటుంది. పెట్టె విప్పిన సరుకుపై కొందరు కోత విధిస్తారు. కనుక ఆ షరతులను కొనకముందే చదువవలెను. ఆన్‌లైన్‌లో ఆర్డరు చేసిన వస్తువును చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే సాధారణంగా 30 రోజులలోగా పంపవలెనని, పంపలేనిచో ఆర్డరును రద్దుచేసుకొని సొమ్ము పొందే అవకాశమివ్వవలెనని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన. 1974 నాటి ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం క్రింద, సరుకు అందనప్పుడు క్రెడిట్ కార్డు బిల్లు పంపిన 60 రోజులలోగా వ్రాతపూర్వకంగా అభ్యంతరం తెలుపవచ్చును. డెబిట్ కార్డుకు ఈ చట్టం వర్తించదు.

మరొక అపోహ ఉన్నది. పెట్టెపై అంటించిన ముద్ర చింపితే వారంటీ పోతుందని చాలామంది నమ్ముతారు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టాన్ని గుర్తుచేస్తూ, అటువంటి ముద్రలు సాధారణంగా చెల్లవని 2018 ఏప్రిల్‌లో ట్రేడ్ కమిషన్ 6 కంపెనీలను హెచ్చరించింది.

స్వదేశానికి తీసుకువెళ్ళేటప్పుడు

అమెరికాలో ధర తక్కువని భాగాలు కొని తల్లిదండ్రులకో తమ్ముళ్ళకో తీసుకువెళ్ళే అలవాటు మనవారిలో ఉన్నది. ఇక్కడి విద్యుత్తు 120 వోల్టులు, అక్కడ 230. నేటి పవర్ సప్లైలలో చాలామటుకు 100 నుండి 240 వోల్టుల వరకు తమంతట తామే సర్దుకుంటాయి. పాతవాటిలో వెనుకవైపు చిన్న మీట ఉంటుంది. దానిని 115 వద్దనే ఉంచి అక్కడి ప్లగ్గులో పెడితే ఆ క్షణంలోనే చెడిపోతుంది. అన్నిటికంటె ముఖ్యంగా, కొన్న దేశంలోనే చెల్లే వారంటీలు అనేకం. అటువంటి వస్తువు విజయవాడలో చెడితే, బాగుచేయించడానికి మరల సముద్రం దాటించవలసిందే. ధరలో తేడా స్వల్పమైనప్పుడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట స్థానిక వారంటీతో కొనడమే వివేకం.

ప్రాసెసరు వంటి భాగాన్ని, నమూనా సంఖ్య సరిచూసుకొని, గుర్తింపు పొందిన విక్రేత వద్ద ఆన్‌లైన్‌లో నిశ్చింతగా కొనవచ్చును. పొందికలో సందేహమున్న భాగానికి, తొలిసారి కంప్యూటరు కూర్చుకునేవారికి దుకాణం మేలు. ఏ మార్గంలో కొన్నప్పటికీ రశీదును, పెట్టెపైనున్న వరుస సంఖ్యను భద్రపరచి, గడువు ముగియకముందే ప్రతి భాగాన్నీ పనిచేయించి చూడవలెను. పరీక్షించక అటకపై దాచిన వస్తువుకు గడువు దాటిన తరువాత పూచీ చెప్పేవారు సాధారణంగా ఉండరు.