తెల్లపొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం
జి.ఐ. పైపుల వెల్డింగులో జాగ్రత్తలు

కూరగాయల పందిరికో, పశువుల కొట్టానికో జి.ఐ. పైపులు వెల్డింగు చేయిస్తుంటాం. పొద్దంతా పనిచేసిన మనిషి బాగానే ఇంటికెళ్తాడు. రాత్రయ్యేసరికి నోట్లో ఏదో లోహపు రుచి, గొంతు మంట, పొడిదగ్గు, ఒళ్లునొప్పులు. ఆపైన రెండు దుప్పట్లు కప్పినా ఆగని వణుకు. ‘మలేరియా కాబోలు’ అనుకుంటారు ఇంట్లోవాళ్లు. ఒకటి రెండు రోజుల్లో జ్వరం దానంతటదే దిగిపోతుంది. దాంతో సంగతి మరిచిపోతారు. ఈ జ్వరానికి కారణం దోమ కాదు, పైపు మీది పూత కావచ్చు.

పూత పొగవుతుంది

జి.ఐ. పైపు తుప్పు పట్టకుండా ఉండేది జింకు పూత వల్ల. వరిలో లోపం కనిపిస్తే మనం వేసే జింకే ఇది. ఇనుము కరగాలంటే సుమారు 1,500 డిగ్రీల వేడి కావాలి. జింకు 907 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. ఆ ఆవిరి గాలి తగలగానే జింక్ ఆక్సైడుగా మారి తెల్లపొగలా లేస్తుంది. అందులోని విడి రేణువులు చాలావరకు 100 నానోమీటర్ల లోపే ఉంటాయి. మిల్లీమీటరులో పది లక్షలో వంతు ఒక నానోమీటరు. ఇంత సన్నటి రేణువులు ముక్కులో ఆగకుండా ఊపిరితిత్తుల లోపలి గాలి తిత్తుల దాకా పోతాయి. అక్కడ వాపు పుట్టి, పీల్చిన నాలుగు నుంచి పది గంటల్లో జ్వరం వస్తుంది. వైద్యులు దీన్ని ‘మెటల్ ఫ్యూమ్ ఫీవర్’ అంటారు.

సోమవారం జ్వరం

రోజూ ఈ పని చేసేవారికి వారం మధ్యలో జ్వరం రాకపోవచ్చు. ఒళ్లు కొంత అలవాటు పడుతుంది. ఆదివారం సెలవు తీసుకుని సోమవారం పనిలోకి దిగితే మళ్లీ వస్తుంది. జ్వరం రానంత మాత్రాన పొగ మేలు చేస్తున్నట్టు కాదు. వెల్డింగు పొగ ఊపిరితిత్తుల క్యాన్సరుకు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో తేల్చింది.

కాడ్మియం పూత ఉన్న పాత నట్లు, బోల్టులను వేడిచేస్తే ఇంకా ప్రమాదం. మొదట ఇలాంటి జ్వరంలాగే మొదలై, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు.

ఏం చేయాలి?

* అతుకు వేసేచోట రెండు వైపులా మూడు నాలుగు అంగుళాలు పూత గీకేయాలి. ఆ దుమ్మూ పీల్చకూడదు. పని అయ్యాక అక్కడ జింకు పెయింటు వేస్తే తుప్పు పట్టదు.
* వీలైనచోట వెల్డింగు మాని క్లాంపులు బిగించుకోవాలి.
* మూసిన గదిలో చేయరాదు. పొగ మొహానికి కొట్టకుండా గాలి పక్కనుంచి వీచేలా నిలబడాలి.
* తువ్వాలు చుట్టుకుంటే ఈ రేణువులు ఆగవు. ఎన్-95 మాస్కు మొహానికి అతుక్కునేలా పెట్టుకోవాలి.
* పాలు తాగితే, బెల్లం తింటే విరుగుడని చాలామంది నమ్మకం. అవి పోయేది కడుపులోకి, పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి.
* జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించుకోండి. వెల్డింగు చేసిన సంగతీ డాక్టరుకు చెప్పండి. ఆయాసం వచ్చినా, రెండు రోజుల్లో జ్వరం తగ్గకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

పైపు కదలకుండా పట్టుకుని నిలబడే కుర్రాడు కూడా ఇదే పొగ పీలుస్తాడు. పని చేయించే రైతు అతనికీ ఒక మాస్కు ఇవ్వాలి.