అరస్తూ - అరసవల్లి సూర్యుడు

శ్రీకాకుళము చెంతనున్న అరసవల్లి సూర్యదేవాలయములో ఏటా రెండు మార్లు, మార్చి 9, 10 తేదీల ప్రాంతమునను, అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతమునను, ఆకాశము నిర్మలముగా నున్నచో ఉదయకిరణములు మూలవిరాట్టు పాదములను తాకును. రెండు మార్లే యెందుకు? సూర్యుడు ప్రతిదినము సరిగా తూర్పుననే ఉదయింపడు. ఉత్తరాయణములో ఉత్తరమునకు, దక్షిణాయనములో దక్షిణమునకు జరుగుచుండును. తూర్పునకు కొంచెము దక్షిణముగా నున్న ఒకే స్థానమును మార్చిలో వచ్చుచు ఒకసారి, అక్టోబరులో పోవుచు ఒకసారి దాటును.

ఉర్దూలో మనము 'అరస్తూ' అని పిలుచు గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ (క్రీ.పూ. 384-322) ఈ రాకపోకలతోనే ఒక పెద్ద చిక్కు విప్పజూచెను. అతని మతమున ఆకాశగోళముల చలనము వృత్తాకారము, నిత్యము, ఏకరీతి. అట్టి చలనము ఈ లోకములో పుట్టుకను, నాశమును రెంటిని ఎట్లు కలిగించును? సూర్యుని మార్గము వాలుగా నున్నందున అతడు దగ్గరకు వచ్చి, దూరముగా పోవుచున్నాడు. రాకతో ప్రాణులు పుట్టును, పోకతో క్షీణించును అని అతని సమాధానము. మన వైశాఖములో సూర్యుడు నడినెత్తికి చేరిననాడు చెరువులే యెండిపోవును గదా! అయినను ఋతువులకు మూలము ఆ వాలే యన్న మాట నేటికిని నిలిచినది. కాకున్న, దాదాపు 23.5 డిగ్రీలు ఒరిగినది భూమి అక్షమని మనకు తెలిసినది.

భూమి కదలునని మాత్రము అరస్తూ ఒప్పుకొనలేదు. అతని వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. నిలువుగా ఎగురవేసిన రాయి ఎగురవేసిన చోటనే పడుచున్నది. భూమి కదలుచున్నచో అది వెనుకబడవలెను గదా? నెట్టువాడు లేనిదే చలనము లేదని అతని సిద్ధాంతము. ఎద్దులను విప్పిన బండి ఆగిపోవుట ఎవరెరుగరు?

ఆమదాలవలస నుండి విజయనగరము పోవు రైలు సమవేగముతో సాగునప్పుడు, పెట్టెలో కూర్చుండి ఒక నాణెమును పైకి ఎగురవేయుడు. అది మీ చేతిలోనికే తిరిగి వచ్చును. రైలు వేగము నాణెమునకును ఉన్నది. చేయి విడిచినంత మాత్రమున అది పోదు. 1640లో గసెండీ, మార్సే రేవు వద్ద సాగుచున్న ఓడ కొయ్యపైనుండి గుండ్లను జారవిడిచి చూపినదియు ఇదియే. అవి కొయ్య మొదటనే పడెను. బండి ఆగుట ఘర్షణ వలననే.

విచిత్రమేమనగా, శూన్యములో కదలు వస్తువు అడ్డు లేనిచో ఎక్కడను ఆగనవసరము లేదని అరస్తూయే తన 'భౌతికశాస్త్ర' గ్రంథములో వ్రాసెను. అట్లు జరుగుట అసంభవము గనుక శూన్యమే లేదని తేల్చెను.