మౌన చరిత్రకు సాక్ష్యం పలికిన చిత్రాలు

బిలాస్‌పూర్ నుండి కట్నీ దిశగా సాగే రైలుమార్గంలో, నగరపు అంచున ఉస్లాపూర్ స్టేషన్ ఉంది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని ఈ రైల్వే ప్రాంతానికి తెలుగువారితో ఉన్న అనుబంధం నేటిది కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే తన మార్గాలను విస్తరించుకొన్న కాలంలోను, ఆ తరువాతను, ఉత్తరాంధ్ర పల్లెల నుండి ఎన్నో కుటుంబాలు ఖర్గ్‌పూర్, బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణాలకు తరలివెళ్ళాయి. ఆ కుటుంబాల పిల్లలు ఇంట తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ మాట్లాడుతూ పెరిగారు. వారి తాతలు ఏ ఊరి నుండి వచ్చారో, ఎంత కూలికి పనిచేశారో, ఏ పండుగను పరాయిగడ్డపై మొదటిసారి ఎలా జరుపుకొన్నారో తెలిపే గ్రంథాలు బహు స్వల్పం. ఆ చరిత్ర ఉన్నదల్లా పెద్దల జ్ఞాపకాలలోనే.

వ్రాతకు ఎక్కని చరిత్రను భద్రపరచడానికి మన కాలం సమకూర్చిన సాధనాలలో డాక్యుమెంటరీ చిత్రం ముఖ్యమైనది. వలస వచ్చిన వారి చరిత్రనే గాక, సొంత ఇంటిలో ఉంటూనే తమను గూర్చి నోరు విప్పలేకపోయిన వారి చరిత్రను కూడా అది వెలికి తెచ్చింది. స్వలింగానురాగం గల స్త్రీ పురుషుల జీవితాలు ఈ రెండవ కోవకు చెందినవి. వారి చరిత్రను, దానితోపాటు సమాజంలో వచ్చిన మార్పును నమోదు చేసిన చిత్రాలను పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పదాల అర్థం

తనవంటి లింగానికే చెందిన వ్యక్తి పట్ల సహజంగా అనురాగం కలిగే పురుషులను గే అని, స్త్రీలను లెస్బియన్ అని వ్యవహరిస్తున్నారు. పుట్టుకతో నిర్ణయించిన లింగానికి భిన్నంగా తమను తాము గుర్తించుకొనేవారు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు. మొదటిది అనురాగానికి సంబంధించిన విషయం, రెండవది తన ఉనికికి సంబంధించిన విషయం. ఈ రెంటిని ఒకటిగా భావించడం తరచు కనిపించే పొరపాటు. అయితే ఈ రెండు వర్గాలవారు ఒకే చట్టం నీడలో, ఒకే విధమైన అవహేళన నడుమ జీవించినందున వారి పోరాటాలు పెనవేసుకొన్నాయి. స్వలింగానురాగం మానసిక వ్యాధి కాదని వైద్యలోకం నిర్ణయించి దశాబ్దాలు గడిచాయి. 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల పట్టిక నుండి దీనిని తొలగించింది.

చట్టం నడచిన దారి

బ్రిటిష్ పాలకులు 1860లో రూపొందించిన భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్, ప్రకృతి విరుద్ధమని తాము భావించిన లైంగిక సంబంధానికి యావజ్జీవ శిక్ష వరకు విధించే అవకాశం కల్పించింది. దీనిని ప్రశ్నిస్తూ నాజ్ ఫౌండేషన్ 2001లో ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. వయోజనులు పరస్పర సమ్మతితో ఏకాంతంలో నెరపే సంబంధాన్ని నేరంగా పరిగణించరాదని ఆ కోర్టు 2009 జూలై 2న తీర్పు చెప్పింది. 2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చింది. తిరిగి 2018 సెప్టెంబర్ 6న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఏకగ్రీవంగా ఆ సంబంధాలను నేర పరిధి నుండి తప్పించింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 377వ సెక్షన్‌కు సమానమైన నిబంధన లేదు.

2013 నాటి తీర్పులో ఒక అంశం మన విషయానికి మిక్కిలి ముఖ్యం. నూట యాభై ఏళ్ళకు పైబడిన కాలంలో ఈ సెక్షన్ క్రింద విచారణకు గురైనవారు రెండు వందల మందికన్న తక్కువేనని, ఇట్టివారు జనాభాలో అత్యల్ప భాగమని ధర్మాసనం పేర్కొన్నది. న్యాయస్థానాల నివేదికలలో దొరికే లెక్క అంతే. కాని కేసు నమోదు చేయకుండానే బెదిరించి డబ్బు గుంజిన సందర్భాలు ఏ నివేదికలోను చేరవు. ఉద్యోగం పోతుందన్న భయంతో జీవితమంతా నోరు మెదపని మనిషి ఏ గణాంకంలోను కనిపించడు. లెక్కకు అందని ఈ భయాన్ని ఎవరు నమోదు చేయాలి? ఆ పనిని చేసినవి డాక్యుమెంటరీ చిత్రాలే.

ఇతర దేశాలలో తొలి ప్రయత్నాలు

1977లో అమెరికాలో మారిపోసా ఫిల్మ్ గ్రూప్ అనే బృందం 'వర్డ్ ఈజ్ ఔట్' అనే చిత్రాన్ని నిర్మించింది. వ్యాఖ్యాత ఉపన్యాసం లేకుండా, వివిధ వయస్సులకు, వృత్తులకు చెందిన 26 మంది స్త్రీ పురుషులు తమ జీవితాలను తామే చెప్పుకొన్న చిత్రమిది. అంతవరకు ఇతరులు వారిని గూర్చి మాట్లాడగా, ఈ చిత్రంలో వారు తమను గూర్చి తాము మాట్లాడారు. ఆ తరువాత వచ్చిన ఇట్టి చిత్రాలకు ఈ పద్ధతి మార్గదర్శకమైంది.

ఆ బృందంలోని రాబ్ ఎప్‌స్టైన్ 1984లో 'ద టైమ్స్ ఆఫ్ హార్వీ మిల్క్' తీశాడు. తాను గే అని బహిరంగంగా ప్రకటించి 1977లో శాన్‌ఫ్రాన్సిస్కో నగర పాలకమండలికి ఎన్నికై, మరుసటి సంవత్సరం నవంబర్‌లో హత్యకు గురైన నాయకుని కథ అది. ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ బహుమతి పొందింది. అదే దర్శకుడు జెఫ్రీ ఫ్రీడ్‌మన్‌తో కలిసి 2000లో తీసిన 'పేరాగ్రాఫ్ 175' మరింత గంభీరమైనది. మన 377వ సెక్షన్ వలెనే జర్మనీలో 1871 నుండి ఉన్న ఒక చట్టం క్రింద నాజీలు వేలాది పురుషులను నిర్బంధ శిబిరాలకు పంపారు. చిత్రనిర్మాణం నాటికి వారిలో సజీవులుగా మిగిలినవారు వ్రేళ్ళపై లెక్కింపదగినంత మంది మాత్రమే. మరికొన్ని సంవత్సరాలు జాగు చేసినట్లయితే ఆ సాక్ష్యం శాశ్వతంగా అంతరించి ఉండేది.

భారతీయ చిత్రాలు

మన దేశానికి సంబంధించి ప్రతిభా పర్మార్ 1991లో తీసిన 'ఖుష్' ముందుగా చెప్పదగినది. భారతదేశంలోను, విదేశాలలోను నివసించే దక్షిణాసియా స్వలింగానురాగుల మాటలు అందులో వినిపిస్తాయి. 1999లో నిషిత్ శరణ్ 'సమ్మర్ ఇన్ మై వెయిన్స్' అనే చిత్రంలో తన అంతరంగాన్ని తన తల్లికి కెమెరా ఎదుటనే వెల్లడించాడు. తెరపై కనిపించేది కేవలం అతని ధైర్యం కాదు. వినరాని మాట విన్న తల్లి ముఖంలో క్షణక్షణం మారే భావాలు, ఆ పిమ్మట కూడ తరగని వాత్సల్యం ప్రేక్షకుని హృదయాన్ని తాకుతాయి.

సోనాలీ గులాటీ చిత్రం 'ఐ యామ్' 2011లో వచ్చింది. తన తల్లికి ఈ సంగతి చెప్పకముందే ఆమె మరణించగా, పదకొండేళ్ళ తరువాత ఢిల్లీలోని తమ ఇంటి తలుపు తెరచిన కుమార్తె, తన వంటి పిల్లలు గల ఇతర తల్లిదండ్రులను కలిసి మాట్లాడుతుంది. తన తల్లి ఏమనేదో అన్న ప్రశ్నకు సమాధానాన్ని ఆమె ఇతరుల ఇండ్లలో వెదకుతుంది. మన కుటుంబ వ్యవస్థ బలాన్ని, దాని వల్ల కలిగే బెంగను ఇంత సున్నితంగా చూపిన చిత్రాలు అరుదు.

దేబలీన బెంగాలీలో తీసిన '...ఏబాంగ్ బేవారిశ్' 2013 నాటిది. 2011లో నందిగ్రామ్ ప్రాంతంలో ఇద్దరు యువతులు కలిసి ప్రాణాలు తీసుకొన్నారు. వారి భౌతిక కాయాలను స్వీకరించడానికి కుటుంబాలు ముందుకు రాలేదు. వార్తాపత్రికకు అది ఒక రోజు వార్త. చిత్రం మాత్రం ఆ గ్రామానికి వెళ్ళి, ఆ మౌనానికి కారణమేమిటని ప్రశ్నించింది.

ఈ రంగంలో విశేషమైన కృషి చేసినవారు శ్రీధర్ రంగాయన్. 2011లో 'ప్రాజెక్ట్ బోలో' పేరిట ఈ ఉద్యమంలో పాల్గొన్నవారి మౌఖిక చరిత్రను వారు సేకరించారు. 2014లో తీసిన 'పర్పుల్ స్కైస్' పబ్లిక్ సర్వీస్ బ్రాడ్‌కాస్టింగ్ ట్రస్ట్ సహకారంతో నిర్మితమై దూరదర్శన్‌లో ప్రసారమైంది. 2015 నాటి 'బ్రేకింగ్ ఫ్రీ' 377వ సెక్షన్ వల్ల సామాన్యులు అనుభవించిన బెదిరింపులను, నిర్బంధాలను వారి నోటనే వినిపించింది. 2001లో లక్నోలో ఎయిడ్స్ నివారణకు కృషి చేస్తున్న కార్యకర్తలను అరెస్టు చేసి నలుబదియేడు రోజులు జైలులో ఉంచిన ఉదంతం ఈ చరిత్రలో మరువరానిది. ఈ చిత్రానికి ఎడిటింగ్ విభాగంలో జాతీయ చలనచిత్ర పురస్కారం లభించింది. ఒకప్పుడు నేరస్థులుగా పరిగణింపబడినవారి సాక్ష్యాన్ని జాతి గౌరవించిన సందర్భమది. కెనడా దర్శకురాలు నాన్సీ నికోల్ 2014లో తీసిన 'నో ఈజీ వాక్ టు ఫ్రీడమ్' కూడ నాజ్ ఫౌండేషన్ న్యాయపోరాటానికి సంబంధించినదే.

తెలుగునాట

2013 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో తొలి స్వాభిమాన యాత్ర జరిగింది. ఆ నగరానికి చెందిన మోసెస్ తులసి 'వాకింగ్ ద వాక్' అనే డాక్యుమెంటరీలో హైదరాబాద్ స్వాభిమాన యాత్రను, దాని వెనుక ఉన్న మనుషులను చిత్రించారు. నిజాం కాలంలో నపుంసకులను నమోదు చేయించి, వారిపై నిఘా ఉంచడానికి చేసిన చట్టాన్ని 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. అదే సంవత్సరం అక్టోబర్ 17న సుప్రీంకోర్టు తీర్పు వెలువడిన వివాహ హక్కు కేసులో ప్రధాన పిటిషనర్లయిన సుప్రియో, అభయ్ హైదరాబాద్ నివాసులే. వివాహం ప్రాథమిక హక్కు కాదని, ఆ విషయమై శాసనం చేయవలసినది చట్టసభలేనని ఆ తీర్పు సారాంశం. అయితే కేంద్ర ప్రభుత్వం నియమించిన సంఘం పరిశీలన ఫలితంగా, 2024లో ఇట్టి జంటలను రేషన్ కార్డుల విషయంలో ఒకే కుటుంబంగా పరిగణించాలని, ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి ఆటంకం లేదని ఆదేశాలు వెలువడ్డాయి.

కట్నీ మార్గం చెప్పే కథ

ఇదంతా మహానగరాల వ్యవహారమని కొందరు భావిస్తారు. అది సరి కాదని ఉస్లాపూర్ మీదుగా సాగే రైలుమార్గమే నిరూపిస్తుంది. ఆ మార్గంలోని శహడోల్ జిల్లా సోహాగ్‌పూర్ నియోజకవర్గం నుండి శబ్నమ్ మౌసీ 1998-2003 నాటి మధ్యప్రదేశ్ శాసనసభలో ప్రజాప్రతినిధిగా కూర్చొన్నారు. మార్గం చివర ఉన్న కట్నీలో కమలా జాన్ మేయర్‌గా ఎన్నికయ్యారు. ఆ స్థానం స్త్రీలకు కేటాయించినదన్న కారణంతో న్యాయస్థానం ఆ ఎన్నికను రద్దు చేసింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు తమ లింగాన్ని తామే నిర్ణయించుకొనే హక్కును 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు గుర్తించిన తరువాత, బిలాస్‌పూర్ నుండి హావ్‌డా వైపు గల రాయ్‌గఢ్‌లో మధు కిన్నర్ 2015లో స్వతంత్ర అభ్యర్థిగా మేయర్ పదవి గెలుచుకొన్నారు. 2021లో ఛత్తీస్‌గఢ్ పోలీసు శాఖ 13 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను కానిస్టేబుళ్ళుగా ఎంపిక చేసింది.

దీనికి ప్రక్కన మరొక సంఘటనను ఉంచి చూడాలి. బిలాస్‌పూర్ ఇంకా మధ్యప్రదేశ్‌లో భాగంగా ఉన్న 1987లో ఆ రాష్ట్ర పోలీసు దళంలోని ఇద్దరు మహిళా కానిస్టేబుళ్ళు పరస్పరం వివాహం చేసుకొన్నారు. వారిని ఉద్యోగం నుండి తొలగించారు. ఒకే భూభాగంలో, ఒకే శాఖలో, ముప్పది నాలుగేళ్ళ వ్యవధిలో జరిగిన ఈ రెండు ఘటనల నడుమనే సామాజిక పరివర్తన ఎంత దూరం నడచిందో తెలుస్తుంది. ఒకటి అనురాగానికి, మరొకటి ఉనికికి సంబంధించినదైనా, భిన్నమైన మనిషిని యూనిఫారంలో చూడగలగడం అన్నదే ఇక్కడి కొలమానం.

కెమెరా బాధ్యత

ఇట్టి చిత్రాలు తీయడంలో ఒక చిక్కు ఉంది. ముఖం చూపితే సాక్ష్యానికి బలం చేకూరుతుంది. కాని ఆ ముఖం గల వ్యక్తి మరునాడు తన కార్యాలయానికి వెళ్ళాలి, అద్దె ఇంటికి తిరిగి రావాలి. అందువల్లనే మంచి దర్శకులు కొన్నిచోట్ల ముఖాన్ని నీడలో ఉంచుతారు, గొంతు మార్చుతారు. తీసిన భాగాన్ని ఆ వ్యక్తికి చూపి తిరిగి అంగీకారం తీసుకొంటారు. చిత్రం బాగుండడం కన్న మనిషి క్షేమంగా ఉండడం ముఖ్యమన్న నియమాన్ని పాటించడమే ఈ కళలోని నిజాయితీ. పాఠకులు ఏ డాక్యుమెంటరీ చూసినా మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఇందులో మాట్లాడుతున్నది ఎవరు? వారిని గూర్చి మరెవరో మాట్లాడుతున్నారా? మాట్లాడనివారు ఎవరు, ఎందువల్ల?

గ్రంథాలయాలు చేయదగినది

ఈ చిత్రాలలో కొన్ని పెద్దలకు మాత్రమే తగినవి. వాటిని కళాశాల స్థాయిలో అధ్యాపకుల సమక్షంలో ప్రదర్శించి, పిమ్మట చర్చ జరపడం మేలు. పాఠశాలల్లో చిత్రప్రదర్శన సాధ్యం కాకపోయినా, సహవిద్యార్థిని నడకను బట్టి, గొంతును బట్టి ఎగతాళి చేయరాదన్న పాఠం చెప్పడానికి ఏ చిత్రమూ అవసరం లేదు. చదువు మధ్యలో మానివేసే పిల్లలలో ఇట్టి ఎగతాళికి తాళలేక వెళ్ళిపోయేవారు కూడ ఉంటారని ఉపాధ్యాయులు గుర్తుంచుకోవాలి. గ్రంథాలయంలో నిశ్శబ్దంగా ఒక పుస్తకం కోసమో, ఒక వ్యాసం కోసమో వెదకే విద్యార్థి తాను ఒంటరిని కానని తెలుసుకొంటే, అంతకు మించిన సేవ ఏముంటుంది?

జాతీయ సమైక్యత అంటే భాషల నడుమ, మతాల నడుమ, రాష్ట్రాల నడుమ సామరస్యం మాత్రమే కాదు. ఒకే ఇంటిలో, ఒకే భాష మాట్లాడేవారి నడుమ కూడ అది అవసరమే. ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడి బ్రతికిన వలస కుటుంబాలకు, ఇంట ఒక ముఖం, లోకంలో ఒక ముఖం ధరించవలసి రావడంలోని శ్రమ కొంత తెలిసే ఉంటుంది. ఉస్లాపూర్ రైల్వే క్వార్టర్లలోని ఏ విద్యార్థి అయినా తన తాతమ్మ చెప్పే వలస కథను సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి భద్రపరచినట్లయితే, డాక్యుమెంటరీ చరిత్రలో తొలి పాఠం నేర్చినట్లే. ఎదుటివారిని తొందరపెట్టక, తీర్పు చెప్పక, చివరి వరకు వినడమే ఆ పాఠం.