కంప్యూటరు చదరంగం: పరిమితులు, దోషాలు

చదరంగం ఆడే కంప్యూటరు ప్రోగ్రాములు చేసే తప్పులు రెండు విధాలు. మొదటిది పరిమితి, రెండవది దోషం, అనగా బగ్.

పరిమితులలో ముఖ్యమైనది క్షితిజ ప్రభావం. దీనిని 1973లో వివరించినవాడు అమెరికాలోని కార్నెగీ మెలాన్ విశ్వవిద్యాలయానికి చెందిన హాన్స్ బెర్లినర్. (చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి 1969లో సహ ఆచార్యుడిగా చేరినదీ ఇక్కడే.) ఒక ప్రోగ్రాము ఎనిమిది ఎత్తుల వరకే చూడగలదనుకొందాం. ఎనిమిదవ ఎత్తులో తన మంత్రి పోతున్నట్లు కనబడితే, అది ఒక బంటును అనవసరంగా బలి ఇచ్చి, ఆ నష్టాన్ని తన చూపు అందని తొమ్మిదవ ఎత్తు దాటి నెడుతుంది. మంత్రి దక్కిందని లెక్క వేసుకుంటుంది. చివరికి రెండూ పోతాయి. దీనికి విరుగుడుగా, చంపుకోవడాలు ముగిసి బలగాలు కుదుటపడేవరకు శోధనను పొడిగిస్తారు. దీనివలన ప్రభావం తగ్గుతుందే కాని పూర్తిగా తొలగిపోదు.

దోషం ప్రోగ్రాము వ్రాసినవారి పొరపాటు. దానిని సరిచేయడం కంటె పట్టుకోవడమే కష్టం. కార్నెగీ మెలాన్ విద్యార్థులు నిర్మించిన డీప్ థాట్‌కు వారసురాలు ఐబీఎం వారి డీప్ బ్లూ. 1997 మే 3న గారీ కాస్పరోవ్‌తో మొదటి ఆటలో అది 44వ ఎత్తుగా ఏనుగును అర్థం లేని గడిలోకి జరిపి, కాస్పరోవ్ తదుపరి ఎత్తు వేయగానే ఓటమి అంగీకరించింది. ఎత్తును నిర్ణయించుకోలేనపుడు ఏదో ఒకటి వేసే దోషమిది. అంతకు ముందే సరిచేశామని నిర్మాతలు భావించారు, కాని ఒక సందర్భం మిగిలిపోయింది. దానిని మరునాడే సవరించారు. కాస్పరోవ్ బృందం మాత్రం ఆ ఎత్తు వెనుక ఎంతో లోతైన గణన ఉన్నదనుకొన్నది. రెండవ ఆటలో, డ్రాకు అవకాశమున్నదని విశ్లేషకులు ఆనాడే చూపిన స్థితిలో, కాస్పరోవ్ ఓటమి ఒప్పుకొన్నాడు. పోటీని డీప్ బ్లూ 3½–2½ తో గెలిచింది.